ఫెర్రైటులయందు ధాతువినిమయము – అయస్కాంతబలము

పాలలో నీరు కలిపినచో పాలు పలుచబడును. బంగారమున రాగి చేరినచో వన్నె తగ్గును. ఒక గుణము గల వస్తువునందు ఆ గుణము లేని వస్తువును గలుపగా ఆ గుణము క్షీణించుట లోకానుభవము. అయస్కాంతవిషయమునను ఈ న్యాయమే చెల్లునని మొదట ఎవరికైనను తోచును. కాని ఇనుపరాతి జాతికి జెందిన ఫెర్రైటులను పదార్థములయందు ఇది చెల్లదు. నికెలు ఫెర్రైటునందలి నికెలును కొంత తీసివైచి, అయస్కాంతగుణము లేశమైనను లేని తుత్తునాగమును దాని స్థానమున నిలిపినచో, ఆ పదార్థముయొక్క బలము తగ్గుటకు మాఱుగా పెరుగును. కొంతమేరకు పోవునప్పటికి రెండింతలను మించును. అటుపిమ్మట ఇంకను తుత్తునాగమును జేర్చుకొనుచు పోయినచో పెరిగిన బలము మరల తగ్గి, నికెలంతయు తొలగి తుత్తునాగమే నిలిచినప్పుడు సాధారణపు వేడియందు ఆ పదార్థము అయస్కాంతమే కాకపోవును. ఈ పెరుగుటకును ఈ తరుగుటకును మూలమొక్కటియే. దానిని సుబోధముగా నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

1. నామవిచారము

సంస్కృతమున అయస్కాంతమనగా ఇనుమునకు ప్రియమైనదని యర్థము. తెలుగున సూదంటురాయి యనగా సూదిని అంటు రాయి. మొదటిది భావమును, రెండవది క్రియను దెలుపుచున్నవి. సూది మణివైపునకు కదలుటకు అదృష్టము కారణమని కణాదుని వైశేషికసూత్రములయందు గలదు. అచ్చట అదృష్టమను మాటను నేటి వాడుకలోని భాగ్యమను అర్థమున గాక, కంటికి గోచరింపని హేతువను అర్థమున గ్రహింపవలెను. ఆ హేతువును వెదకుటయే తరువాతి అయస్కాంతశాస్త్రచరిత్ర యని చెప్పవచ్చును.

ప్రకృతియందు దొరకు సూదంటురాయి మాగ్నెటైటను నల్లని ఖనిజము. ఒంగోలు పరిసరములందలి కొండల ఇనుపరాతిలో ఇది గలదు. ఏటియిసుకలో అయస్కాంతమును త్రిప్పగా అంటుకొనివచ్చు నల్లని నలుసులలోను తఱచు ఇది యుండును. దీని అణువునందు ఇనుము మూడు పాళ్లును, ఆమ్లజని నాలుగు పాళ్లును గలవు. ఆ మూడు ఇనుప పరమాణువులును ఒక్కతీరున ఉండవు. రెండు పరమాణువులు మూడేసి విద్యుత్కణములను గోల్పోయినవి. మిగిలినదొకటి రెండింటిని మాత్రము గోల్పోయినది. సౌకర్యముకొఱకు మొదటివానిని త్రియుత లోహమనియు, రెండవదానిని ద్వియుత లోహమనియు వ్యవహరింతము. ఈ ద్వియుతమగు ఇనుమును దొలగించి దాని స్థానమున నికెలు, మాంగనీసు, కోబాల్టు, రాగి, మగ్నీసియము, తుత్తునాగము అనువానిలో నొకదానినిగాని, ఒకటికంటె నెక్కువగాని నిలిపినప్పుడు గలుగు పదార్థమే ఫెర్రైటు. ఇట్లు ఒక లోహమునకు మాఱు వేఱొక లోహమును స్ఫటికమున నిలుపుటయే ధాతువినిమయము. వ్యాకరణపరిభాషలో చెప్పవలెనన్న ఇది ఆగమము గాదు, ఆదేశము. ఆదేశమువలన స్ఫటికపు చట్రము చెడదు. అందలి నివాసులు మాత్రము మాఱుదురు.

వీనిని జేయువిధానము కుమ్మరియావమునకు దూరపుచుట్టము. లోహభస్మములను తూచి, కలిపి, మెత్తగా నూఱి, కాల్చి, మరల పొడిచేసి, కావలసిన రూపమున అదిమి, సుమారు 1200 మొదలు 1400 శతాంశముల వేడియందు కాల్చుదురు. లభించునది మట్టిపాత్రవలె పెళుసైన నల్లని పదార్థము. జర్మనీలో హిల్పర్టు 1909లో ఈ జాతి పదార్థములను విద్యుత్పరికరములకు ఉపయోగింప యత్నించెను. 1930లో టోకియోనగరమున యోగొరో కటో, తకేషి తకేయి అను ఆచార్యులు వీని అయస్కాంతగుణములను గనుగొని శోధించిరి. వారి కృషి ననుసరించి 1935లో జపానున ఫెర్రైటులనుత్పత్తి చేయు సంస్థ వెలసెను. హాలండున ఐండ్‌హోవెను పట్టణమునందలి ఫిలిప్సు పరిశోధనశాలలో స్నూకను శాస్త్రజ్ఞుడు రెండవ ప్రపంచయుద్ధపు దినములలో తుత్తునాగము గలిసిన ఫెర్రైటులను చక్కగా అభివృద్ధి చేసెను. తుత్తునాగమును గలిపినచో మేలగునని అనుభవమువలన తెలిసినది. ఏల మేలగునో తృప్తికరముగా తెలియుటకు 1948వ సంవత్సరము రావలసివచ్చెను.

2. స్ఫటికనిర్మాణము

ఇచ్చట చెప్పబడు ఫెర్రైటుల నిర్మాణము స్పినెలను రత్నపు నిర్మాణమును బోలియుండును. ఎఱ్ఱని స్పినెలును పూర్వులు కెంపుగా భావించెడివారు. ఆంగ్లరాజకిరీటమున కెంపను పేర ప్రసిద్ధికెక్కిన పెద్దరాయి యొకటి నిజమునకు స్పినెలే. 1915లో ఇంగ్లండున బ్రాగ్గును, జపానున నిషికవయు ఎక్సుకిరణముల సాయమున ఈ నిర్మాణమును వెల్లడించిరి.

దీని ముఖ్యాంశమును మాత్రము గ్రహించిన చాలును. స్ఫటికమున మరల మరల వచ్చు ఒక ఘనపు గదిని దీసికొనినచో అందు 32 ఆమ్లజని అయానులును, 24 లోహపు అయానులును ఉండును. ఆమ్లజని అయానులు పెద్దవి. అవి బత్తాయిపండ్లను పేర్చినట్లు దగ్గఱగా పేర్చబడియుండును. లోహపు అయానులు చిన్నవి; అవి పండ్లనడుమ సందులలో ఇముడును. ఈ సందులు రెండువిధములు. నాలుగు ఆమ్లజనులు చుట్టియున్న సందు ఒకటి. ఆఱు ఆమ్లజనులు చుట్టియున్నది మఱియొకటి. మొదటిదానిని చతుష్కస్థానమనియు, రెండవదానిని షట్కస్థానమనియు పిలుతము. గదియందలి 24 లోహములలో 8 చతుష్కస్థానములందును, 16 షట్కస్థానములందును ఉండును. అనగా ఒక్కొక్క అణువునకు చతుష్కస్థాన మొకటి, షట్కస్థానములు రెండు.

ఏ లోహము ఎచ్చట కూర్చుండును? ద్వియుతలోహము చతుష్కమునను, త్రియుతములగు రెండును షట్కములందును ఉన్నచో దానిని అనులోమ స్పినెలని యందము. త్రియుతములలో నొకటి చతుష్కమున చేరి, మిగిలిన త్రియుతమును ద్వియుతమును షట్కములను పంచుకొన్నచో అది విలోమ స్పినెలు. ఇట్టి విలోమక్రమము గలదని 1932లో బార్తు, పోస్న్యాకు అనువారు సూచించిరి. లోహములకు ఈ స్థానములపై వేర్వేఱు మక్కువలు గలవు. నికెలునకు షట్కస్థానమనిన ప్రీతి మిక్కుటము. తుత్తునాగమునకు చతుష్కస్థానమే ఇష్టము. కావున నికెలు ఫెర్రైటు విలోమము. తుత్తునాగపు ఫెర్రైటు అనులోమము. తరువాతి కథయంతయు ఈ ఇష్టాయిష్టములమీద ఆధారపడియున్నది.

3. పదునాలుగునకు నాలుగు

ఒక్కొక్క లోహపు అయాను ఒక్కొక్క చిన్న అయస్కాంతము. దాని బలమును కొలుచు మానమునకు బోరు మాగ్నెటానని పేరు. ఇచ్చట ఆ మానమును 'మాత్ర' యందము. త్రియుతమగు ఇనుమునకు 5 మాత్రలు. ద్వియుతములలో మాంగనీసునకు 5, ఇనుమునకు 4, కోబాల్టునకు 3, నికెలునకు 2, రాగికి 1. మగ్నీసియమునకును తుత్తునాగమునకును సున్న.

ఈ లెక్కను మాగ్నెటైటునకు అన్వయింతము. రెండు త్రియుతములకు 10, ద్వియుతమునకు 4. అన్నియు ఒకేవైపునకు తిరిగియున్నచో అణువునకు 14 మాత్రలుండవలెను. మిక్కిలి చల్లబఱచి కొలిచిచూడగా 4కు కొంచెము మించి కానవచ్చినది. ఇంచుమించు పది మాత్రలు ఎచ్చటకు పోయినట్లు? శాస్త్రజ్ఞులను చిరకాలము బాధించిన ప్రశ్న యిది.

దీనికి సమాధానమును ఫ్రాన్సుదేశపు లూయీ నేయెలు 1948లో ప్రకటించెను. ఆయన మతము ప్రకారము, చతుష్కస్థానములందలి అయస్కాంతములన్నియు ఒకదిక్కునకును, షట్కస్థానములందలివన్నియు దాని యెదురుదిక్కునకును తిరిగియుండును. నడుమనున్న ఆమ్లజని మధ్యవర్తియై ఈ యెదురుముఖమును గలిగించును. బయటికి కానవచ్చునది రెండుగణముల తేడా మాత్రమే. మాగ్నెటైటు విలోమ స్పినెలు గాన, చతుష్కమున 5, షట్కమున 5ను 4ను గలిసి 9, తేడా 4. ప్రశ్న విడిపోయినది.

ఇతర ఫెర్రైటులకును ఈ సూత్రము చెల్లుచున్నది. విలోమములైనప్పుడు రెండు త్రియుతపు ఇనుములును ఒకదానినొకటి రద్దుచేసికొనును గనుక, మిగులునది ద్వియుతలోహపు బలమే. లెక్కకు వచ్చునదియు, కొలువగా తేలినదియు సుమారుగా ఇట్లున్నవి:

మాంగనీసు ఫెర్రైటు: లెక్కకు 5, కొలతకు 4.6
మాగ్నెటైటు: లెక్కకు 4, కొలతకు 4.1
కోబాల్టు ఫెర్రైటు: లెక్కకు 3, కొలతకు 3.7
నికెలు ఫెర్రైటు: లెక్కకు 2, కొలతకు 2.3
రాగి ఫెర్రైటు: లెక్కకు 1, కొలతకు 1.3
మగ్నీసియము ఫెర్రైటు: లెక్కకు 0, కొలతకు 1.1

లెక్కకును కొలతకును సంపూర్ణసామ్యము లేకున్నను, వరుస తప్పలేదు. చిన్న తేడాలకు వేర్వేఱు హేతువులు గలవు. వానిలో మగ్నీసియమునకు సంబంధించినదానిని ముందు చూతము.

నేయెలు ఈ స్థితికి ఫెర్రిమాగ్నెటిజమని పేరిడెను. ఇనుము, నికెలు మొదలగు లోహములందు అయానులన్నియు ఒకేవైపునకు తిరుగుట ఫెర్రోమాగ్నెటిజము. మాట యొక్క అక్షరముననే తేడా గలిగియుండుటచే విద్యార్థులు పొరబడుదురు. మన భాషలో మొదటిదానిని విషమప్రతిముఖ అయస్కాంతత్వమనియు, రెండవదానిని ఏకముఖ అయస్కాంతత్వమనియు చెప్పినచో పేరుననే యర్థము స్ఫురించును. ఎదురెదురు గణములు సరిసమానములై ఫలము సున్నయగు స్థితి సమప్రతిముఖము.

4. తుత్తునాగము చేయు పని

ఇక ప్రధానవిషయము. నూఱు అణువుల నికెలు ఫెర్రైటును త్రాసునందు పెట్టినట్లు భావింతము. చతుష్కములు ఒక తట్ట. షట్కములు మఱియొక తట్ట. చతుష్కపు తట్టలో త్రియుతపు ఇనుములు 100. వాని బలము 500. షట్కపు తట్టలో త్రియుతపు ఇనుములు 100, నికెలులు 100. వాని బలము 500ను 200ను గలిసి 700. మొగ్గు 200.

ఇందు 25 నికెలులను దీసి 25 తుత్తునాగములను నిలుపుదము. తుత్తునాగము నికెలు విడిచిపోయిన షట్కస్థానమున కూర్చుండదు. దానికి ప్రీతియైన చతుష్కస్థానమునకు పోవును. అచ్చటనున్న ఇనుములలో 25 తమ స్థానములను విడిచి, ఖాళీయైన షట్కస్థానములకు చేరవలసివచ్చును. ఇప్పుడు చతుష్కపు తట్టలో ఇనుములు 75, బలము 375. షట్కపు తట్టలో ఇనుములు 125, నికెలులు 75; బలము 625ను 150ను గలిసి 775. మొగ్గు 400. అయస్కాంతత్వము లేని లోహము పాతికపాలు చేరగా మొత్తపు బలము రెండింతలైనది.

ఒక తట్టలోని రాయిని దీసి ఎదుటి తట్టలో పెట్టినచో త్రాసుతేడా ఆ రాయిబరువునకు రెండురెట్లు మాఱుట వర్తకులందఱు నెఱిగినదే. ఇనుము తేలికతట్టనుండి బరువుతట్టకు మాఱుటవలన ఒక్కొక్కదానికి 10 మాత్రలు లాభము, పోయిన నికెలువలన 2 మాత్రలు నష్టము, నికరలాభము 8. తుత్తునాగము తాను బలమును దెచ్చినది గాదు. ఎదిరిపక్షమునందు చేరి దానిని తేలికపఱచి, అందలి ఇనుమును స్వపక్షమునకు త్రోసినది.

5. పరిమితి

ఈ లెక్కనే పట్టుకొని ముందుకు పోయినచో, నికెలంతయు పోయి తుత్తునాగమే నిలిచినప్పుడు నూఱు అణువులకు 1000 మాత్రలు, అనగా అణువునకు 10 మాత్రలు రావలెను. ప్రయోగమున అట్లు జరుగదు. తుత్తునాగము కొలదిగా నున్నప్పుడు కొలతలు లెక్కను సన్నిహితముగా అనుసరించును. నూటికి 40, 50 పాళ్లు చేరునప్పటికి రేఖ వంగి క్రిందికి దిగనారంభించును. సంపూర్ణ తుత్తునాగపు ఫెర్రైటునకు సాధారణపు వేడియందు అయస్కాంతత్వము లేదు.

దీనికి కారణము పైని చెప్పిన విరోధముననే గలదు. షట్కస్థానములందలి అయానులు తమలో తాము ఏకముఖముగా నుండుటకు అన్యోన్యస్నేహము హేతువు గాదు. అవియు తమలో తాము ఎదురెదురుగా తిరుగగోరునవే. కాని చతుష్కగణముతో వానికిగల విరోధము ఇంకను బలవత్తరము. ఆ బలీయమైన శత్రువునకు ఎదురునిలుచుటకై అవి తమ అంతఃకలహమును అణచుకొని ఒక్కముఖమున నిలిచినవి. తుత్తునాగము ఒక్కొక్కటిగా ఆ శత్రువులను దొలగించుచు పోగా, మొదట తేడా పెరిగి లాభమగును. తుదకు శత్రువులు పలుచబడిన చోట్ల అంతఃకలహము తలయెత్తును. షట్కగణపు అయానులు సరిగా వరుసనిలువక వాలి నిలుచును. ఈ వాలుటను 1952లో యాఫెటు, కిట్టెలు అనువారు గణితముచే నిరూపించిరి. శత్రువు పూర్తిగా నశించినప్పుడు వరుసయే చెదరును. తుత్తునాగపు ఫెర్రైటును శూన్యాంశమునకు అత్యంతసమీపమునకు చల్లార్చినప్పుడు మాత్రము సమప్రతిముఖక్రమ మొకటి యేర్పడును. దాని ఫలము సున్న.

కావున పెరుగుదలకు హేతువైన చతుష్కగణపు క్షీణతయే తరుగుదలకును హేతువు. బలమును పరిమితముచేయుచున్న పక్షమే బలమును నిలుపుచున్న పక్షము గూడ అగుట ఈ విషయమునందలి విశేషము.

వేడియొక్క ప్రభావమును ఇట్లే గ్రహింపవచ్చును. ప్రతి అయస్కాంతపదార్థమునకును ఒక వేడిమితి గలదు. దానిని దాటినచో వరుస చెదరును. దానికి క్యూరీ బిందువని పేరు. నికెలు ఫెర్రైటునకు అది సుమారు 585 శతాంశములు. రెండుగణముల విరోధమే వరుసకు ఆధారము గాన, తుత్తునాగము చేరినకొలదియు ఆధారములు తగ్గి ఈ మితి దిగజారును. నికెలు సగము, తుత్తునాగము సగము ఉన్న ఫెర్రైటునకు ఇది సుమారు 250. తుత్తునాగము 64 పాళ్లకు చేరినప్పుడు సుమారు 125. బలము పెరుగుచుండగనే నిలుకడ తగ్గుచుండునని పాఠములు చెప్పువారు గమనింపవలెను. సాధారణపు వేడియందు కొలిచినప్పుడు, అతిశీతలమున కొలిచినప్పటికంటె తక్కువ తుత్తునాగముననే శిఖరము కానవచ్చుటకు కారణమిదియే.

6. మగ్నీసియము సాక్ష్యము

ధాతువులపాళ్లే గాక, అవి కూర్చుండు స్థానములే ప్రధానమనుటకు మగ్నీసియము ఫెర్రైటు మంచి నిదర్శనము. అది పూర్తిగా విలోమమైనచో ఇనుములు సరిసమానముగా రద్దయి ఫలము సున్న కావలెను. కొలతకు 1.1 వచ్చుచున్నది. నూటికి 11 మగ్నీసియములు చతుష్కములకు చేరి, 11 ఇనుములను షట్కములకు త్రోసినవని భావించినచో, ఒక్కొక్కదానికి 10 మాత్రల చొప్పున లెక్క సరిపోవును.

ఈ భావనకు పరీక్ష గలదు. మిక్కుటమైన వేడియందు అయానులు తమ స్థానములను మార్చుకొని కొంత కలగలుపుగా నుండును. మెల్లగా చల్లార్చినచో తిరిగి తమకు ప్రియమైన స్థానములకు పోవును. ఒక్కసారిగా చల్లార్చినచో ఆ కలగలుపే గడ్డకట్టినట్లు నిలిచిపోవును. అట్లు చల్లార్చిన మగ్నీసియము ఫెర్రైటు ఎక్కువ బలము గలిగియుండుట ప్రయోగమువలన తేలినది. రాగి ఫెర్రైటునందును ఇట్లే జరుగును. తూకము మాఱలేదు, పాళ్లు మాఱలేదు. చల్లార్చు తీరు మాత్రమే మాఱినది. ఒకే అక్షరములతో వేఱు వరుసను గూర్చినచో వేఱు మాట యగునట్లు, ఒకే ధాతువులు వేఱు స్థానములందు గూర్చుండినచో వేఱు అయస్కాంతమగును.

7. ఇతర వినిమయములు

తుత్తునాగము తేలికతట్టను తగ్గించునది. దీనికి విపరీతముగా బరువుతట్టను తగ్గించు లోహములును గలవు. అల్యూమినియము త్రియుతము, అయస్కాంతత్వము లేనిది, షట్కస్థానమునందు ఎక్కువగా చేరునది. నికెలు ఫెర్రైటునందలి ఇనుమునకు మాఱు అల్యూమినియమును నిలుపుచు పోయినచో మొగ్గు వెంటనే తగ్గనారంభించును. అల్యూమినియమంతయు షట్కములకే చేరినచో అణువునకు 0.4 పాలు చేరునప్పటికి రెండు తట్టలును సరితూగవలెను. కొంత చతుష్కములకును పోవుటచే సుమారు 0.6 పాలు చేరినగాని సరితూగవు. ఆపైన మొగ్గు రెండవవైపునకు తిరిగి, చతుష్కగణమే పైచేయి యగును.

ఇంతకంటె వింతయైనది లిథియము ఫెర్రైటునందు క్రోమియమును నిలిపిన పదార్థము. అందు రెండుగణములు వేడికి లోబడు తీరులు వేఱు. తగిన పాళ్లలో నున్నప్పుడు, వేడిచేయుచు పోగా ఒకానొక వేడియందు రెండుగణములును సరియై బలము సున్నయగును. ఇంకను వేడిచేయగా మరల బలము పుట్టును, కాని వ్యతిరేకదిక్కున. ఇట్టి విలోమగతి కలుగవచ్చునని నేయెలు సిద్ధాంతము ముందే సూచించెను. 1953లో ఫిలిప్సు పరిశోధనశాలకు జెందిన గోర్టరు, షుల్కెసు అనువారు దానిని ప్రయోగమున జూపిరి. తెలిసిన విషయములను సమన్వయించుటకంటె తెలియని విషయమును ముందుగా చెప్పగలుగుటయే సిద్ధాంతమునకు గొప్ప పరీక్ష. నేయెలుకు 1970లో నోబెలు బహుమానము లభించెను.

కోబాల్టు పని వేఱువిధము. దాని ప్రభావము తట్టల బరువుమీద కంటె అయస్కాంతపు దిక్కుమీద ఎక్కువ. ఘనాకారపు స్ఫటికమున చాల ఫెర్రైటుల అయస్కాంతములు మూలనుండి ఎదురుమూలకు పోవు కర్ణదిక్కున నిలుచుట కిష్టపడును. కోబాల్టు ఫెర్రైటు ఘనపు అంచుదిక్కును గోరును; ఆ కోరికయు మిక్కిలి పట్టుగలది. అందుచే కోబాల్టు ఎక్కువగా నున్నచో అయస్కాంతము ఒకసారి పట్టిన దిక్కును సులభముగా విడువని కఠినజాతి యగును. స్వల్పముగా చేర్చినచో రెండు కోరికలును ఒకదానినొకటి రద్దుచేసికొని, అయస్కాంతము ఎటు త్రిప్పిన అటు తిరుగు మృదుజాతి యగుటకు తోడ్పడును. ఔషధమునందువలె ఇచ్చట మాత్రాభేదమే గుణభేదమునకు హేతువు.

స్పినెలు జాతికి జెందని ఫెర్రైటులందును ఈ న్యాయమే చెల్లును. బేరియము ఫెర్రైటు నిర్మాణము ఆఱుపలకలది. 1952లో ఫిలిప్సు శాస్త్రజ్ఞులు దీనిని స్థిరాయస్కాంతముగా ప్రకటించిరి. దీని అణువునందు 12 ఇనుములు గలవు. 8 ఒకవైపునకు, 4 ఎదురువైపునకు తిరిగియుండగా, మిగిలిన 4 ఇనుములవలన 20 మాత్రలు తేలును. అల్యూమినియమును ఇందు నిలిపినచో బలము తగ్గును గాని దిక్కును విడువని పట్టుదల పెరుగును.

8. లాభనష్టములు

ఇంత శ్రమకు లౌకికప్రయోజనమేమి యని ప్రశ్నింపవచ్చును. ఇనుపలోహము బలమైన అయస్కాంతమే గాని విద్యుత్తును సులభముగా ప్రసరింపజేయును. క్షణమునకు లక్షలసారులు దిక్కు మాఱు విద్యుత్తునకు దానిని లోనుచేసినచో లోపల సుడిప్రవాహములు పుట్టి శక్తియంతయు వేడిగా వ్యర్థమగును. ఫెర్రైటు మట్టిపాత్రవంటిది గాన విద్యుత్తును నిరోధించును. కాని మాగ్నెటైటునకు ఈ గుణము కొఱవడినది. అందు షట్కస్థానములందు ద్వియుతపు ఇనుమును త్రియుతపు ఇనుమును ప్రక్కప్రక్కన నుండుటచే విద్యుత్కణము ఒకదానినుండి మఱియొకదానికి గంతులిడును. ద్వియుతపు ఇనుమును దొలగించి నికెలు, తుత్తునాగములను నిలిపినచో ఆ గంతులకు తావులేదు. విద్యున్నిరోధము మాగ్నెటైటుకంటె కోటిరెట్లకు మించి పెరుగగలదు.

తుత్తునాగము మృదుత్వమును గూడ పెంచును. తీగచుట్టయందు పెట్టిన పదార్థము ఎంత సులభముగా అయస్కాంతమగునో తెలుపు మానము పారగమ్యత. ఒట్టి నికెలు ఫెర్రైటునకు ఇది సుమారు 15. తుత్తునాగము 36 పాళ్లున్నప్పుడు సుమారు 90. 50 పాళ్లకు సుమారు 230. 64 పాళ్లకు సుమారు 650. కాని పారగమ్యత పెరిగినకొలదియు పదార్థము అనుసరింపగల ఆవృత్తివేగము తగ్గును. ఈ పరస్పరబంధమునకు స్నూకు నియమమని పేరు. కావున అతివేగపు తరంగములకు తుత్తునాగము తక్కువగా గల నికెలు ఫెర్రైటులను, వేగము తక్కువై బలము హెచ్చుగా కావలసినచోట మాంగనీసు, తుత్తునాగములు గలసిన ఫెర్రైటులను ఏర్పఱచుకొందురు. రేడియోపెట్టెలలో తీగచుట్టిన నల్లని కడ్డీయు, విద్యుత్తును మార్చు చిన్నపరికరములలోని నల్లని కమ్మీలును ఈ జాతివే. అన్నిటికిని ఉత్తమమగు ఫెర్రైటు లేదు. పనికి తగిన ఫెర్రైటు గలదు.

9. అదృష్టము దృష్టమగుట

అయానులు ఎదురెదురు ముఖములుగా నున్నవని నేయెలు ఊహించెనే గాని కంటితో జూడలేదు. ఎక్సుకిరణములు ఇందులకు చాలవు. అవి విద్యుత్కణముల సంఖ్యను బట్టి పరమాణువులను గుర్తించును. ఇనుమునకు 26, నికెలునకు 28, తుత్తునాగమునకు 30 అగుటచే వీని భేదము స్ఫుటముగా కానరాదు. అయస్కాంతపు దిక్కును అవి సులభముగా తెలుపవు. న్యూట్రానను కణము విద్యుత్తు లేనిదైనను తానొక చిన్న అయస్కాంతము. దానిని స్ఫటికముపై ప్రసరింపజేసినచో అయానుల స్థానములేగాక వాని ముఖములును తెలియును. 1951లో అమెరికాయందలి ఓక్‌రిడ్జి పరిశోధనశాలలో షల్లు, వోలాను, కోలరు అనువారు మాగ్నెటైటును ఇట్లు పరీక్షించి, రెండుగణములును ఎదురెదురుగా నున్నవని రుజువుచేసిరి. 1953లో హేస్టింగ్సు, కార్లిసు అనువారు తుత్తునాగపు ఫెర్రైటును, నికెలు ఫెర్రైటును పరీక్షించి తుత్తునాగము చతుష్కములందును, నికెలు షట్కములందును ఉండుటను ధ్రువపఱచిరి.

పాఠశాలలయందు అయస్కాంతపదార్థములు ఇవి, కానివి ఇవి యని పట్టికలు చెప్పుట వాడుక. ఆ పట్టికలు ఒంటిలోహములకు సరిపోవును. సమ్మేళనములకు వచ్చునప్పటికి, ఏ ధాతువు చేరినదనుటతోపాటు ఏ స్థానమున చేరినది, ఎవరిని ఎచ్చటకు త్రోసినది అను ప్రశ్నలను గూడ అడుగవలెను. పైని చెప్పిన త్రాసులెక్కకు కూడికయు తీసివేతయు తప్ప వేఱు గణితము అక్కఱలేదు. ఉన్నతపాఠశాల విద్యార్థి నల్లబల్లమీద దానిని స్వయముగా చేసికొనగలడు. చతుష్కస్థానము, షట్కస్థానము, అనులోమము, విలోమము, ఏకముఖము, విషమప్రతిముఖము అను మాటలను ఈ వ్యాసమున అర్థానుసారముగా వాడితిని. వీనికంటె తేలికయైనవియు యుక్తమైనవియు పండితులకు తోచినచో వానిని సూచింతురుగాక.